రెండో గీత

భూ తదియ

గాలితలుపు రబ్బరు అంచులు తుడిచి, నీటి కోటా అందుకుని క్లినిక్ తెరిచేసరికి మాలకొండమ్మగారు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. పక్కన ఆమె వదిన తిరపతమ్మగారు. మాలకొండమ్మగారు చంద్రుడి మీద ఎండ ఎరుగని మా చీకటిగుంట అడుగున మంచు కోసే ముఠాకు మేస్త్రీ. కుడికన్ను పోయి చాలా కాలమైంది. ఇప్పుడు ఉన్న ఒక్క ఎడమకన్ను కోసం వచ్చారు.

"మంచుదిమ్మ మీద రంపం గీత తిన్నగా వేస్తే పాము మాదిరి కనపడతంది డాక్టరమ్మా. ముఠావోళ్ళేమో తిన్నగానే ఉందంటారు. వాళ్ళు నన్ను ఎగతాళి చేస్తన్నారో, కన్నే చేస్తందో తెలియక వచ్చా."

"కన్నే," అన్నారు తిరపతమ్మగారు. "నిన్ను ఎగతాళి చేసే ధైర్యం ఈ గుంటలో నాకు తప్ప ఎవరికుంది."

రెటీనా పొరలను అడ్డుకోతలా చూపే ఓసీటీ స్కాన్ తీశాను. షుగర్ వల్ల రెటీనా మీద ఒక పొర పెరిగి, చూపుకు కేంద్రమైన మాక్యులాను పక్కకు లాగుతోంది. ఆపరేషన్ తప్పదు. స్థావరాలన్నీ తిరిగే సర్జన్ డాక్టర్ సుభానీ పంచమినాడు ఇక్కడికి చేరతారు, దశమినాటి రవాణా నౌకలో వెళ్ళిపోతారు. (ఇక్కడ మాకు తిథులు ఆకాశంలో భూమి పెరిగి తరిగేదాన్ని బట్టి.) ఆయన మళ్ళీ వచ్చేదాకా ఈ మాక్యులా ఆగదు.

ఆపరేషన్‌కు ముందు ఒక సంగతి తేలాలి. కంటిగుడ్డును నింపి ఉండే విట్రియస్ జెల్ వయసుతో పాటు రెటీనా నుంచి తనంతట తానే విడిపోతుంది. అలా విడిపోయి ఉంటే సర్జన్ జెల్‌ను తీసేసి, పొర అంచు పట్టుకుని ఒలిచేయవచ్చు. ఎక్కడైనా ఇంకా అతుక్కుని ఉంటే, అదే చేత్తో అదే పని చేసినా రెటీనా చిరుగుతుంది. ఈ రోజు చిత్రంలో రెటీనా ముందు నల్లని ఖాళీ చక్కగా కనిపించింది. యంత్రం తన అభిప్రాయం కింద రాసింది: పూర్తిగా విడిపోయినది.

నేను సంతకం చేయలేదు. ఖాళీ ఉండటం వేరు, ఆ ఖాళీకి వెనక ఏమీ మిగలకపోవడం వేరు. కదలని చిత్రం ఆ రెండింటినీ ఒకేలా చూపిస్తుంది. కన్ను తిరిగి ఆగినప్పుడు లోపల జెల్ ఎలా ఊగుతుందో చూస్తేనే నిజం తెలుస్తుంది. అది శబ్దతరంగాలతో కంటి లోపలి కదలికను చూపే బీ-స్కాన్ పని. రేపు రమ్మన్నాను.

భూ చవితి

పరీక్ష కుదరలేదు.

పరీక్ష గదిలో రోగి తప్ప మరొకరు ఉండకూడదన్నది నేను భూమి నుంచి తెచ్చుకున్న నియమం. రోగి బిడియపడకుండా ఉండటానికి అది మేలు చేస్తుందని నా అనుభవం. తిరపతమ్మగారిని బయట కూర్చోమన్నాను. మాలకొండమ్మగారి చేత కన్ను మూయించి, రెప్ప మీద ప్రోబ్ ఆనించి, "ఎడమవైపు చూడండి" అన్నాను. ఆమె తల మొత్తం ఎడమకు తిప్పారు. ప్రోబ్ జారిపోయింది.

"తల కదపకుండా, కన్ను మాత్రం."

"అట్టాగే," అన్నారు. తల మళ్ళీ తిరిగింది.

గడ్డం బల్ల మీద ఆనించి, నుదుటికి పట్టీ వేశాను. ఈసారి తల ఆగింది, కానీ స్టూలుతో సహా ఆమె మొత్తం ఎడమకు తిరగబోయారు. బల్ల కిర్రుమంది. ఇద్దరం నవ్వుకున్నాం. తరువాత చాలాసేపు నెమ్మదిగా, రకరకాలుగా అడిగి చూశాను. మూసిన రెప్ప కింద కన్ను నిలిచిన చోటనే నిలిచి ఉంది. తెరమీద జెల్ కూడా అలాగే నిశ్చలంగా ఉంది. చివరికి ఆమె ముఖం కందిపోయి, చెమట పట్టింది. కండరాల లోపమేమోనని పట్టీ విప్పి, కన్ను తెరవమని, దీపం జరిపి చూశాను. తేలలేదు. దీపం వెంట ముఖమే సాఫీగా తిరుగుతోంది.

పరికరాలు సర్దుతుంటే ఆమె తనంతట తానే చెప్పారు.

"కుడికంటికి కూడా విడిపోయిందనే చెప్పారమ్మా అప్పట్లో. యంత్రం చెప్పింది, తిరుగులేదన్నారు. ఆపరేషన్ తొందరగా అయిపోద్దన్నారు. తొందరగానే అయిపోయింది, కన్నుతో సహా."

"అప్పుడు ఈ పరీక్ష చేశారా?"

"మొదలుపెట్టారు. నేను సరిగా చెయ్యట్లేదని ఆపేశారు. నేనేం చెయ్యలేదో ఈనాటికీ తెలవదు."

నేను సరిగా అడగలేకపోయానని, తప్పు ఆమెది కాదని చెప్పాను. ఆమె నమ్మినట్టు లేదు.

భూ పంచమి

డాక్టర్ సుభానీ వచ్చారు. సౌమ్యుడు. చేతివేళ్ళు సన్నగా, ఎప్పుడూ శుభ్రంగా ఉంటాయి. చిత్రాలన్నీ ఓపికగా చూశారు.

"ఖాళీ ఇంత స్పష్టంగా ఉంది కదా మేడమ్. మీ అనుమానం దేనికి?"

"షుగర్ ఉన్న కంట్లో జెల్ కొన్నిసార్లు విడిపోదు, తనలో తాను రెండు పొరలుగా చీలుతుంది. ముందు పొర ఇవతలకు వస్తుంది. వెనక పొర రెటీనాను అంటుకునే ఉంటుంది. మనకు కనిపించే ఖాళీ ఆ రెండింటి నడుమది కూడా కావచ్చు."

"కావచ్చు. కాకపోవచ్చు. ప్రతి కంట్లోనూ చీలిక ఉందనుకుని ఆపరేషన్ చేస్తే సమయం మూడింతలవుతుంది. ఈమె గుండె అంతసేపు మత్తు తట్టుకుంటుందా అన్నది నాకున్న భయం. రుజువు ఉంటే ఆ భయాన్ని పక్కన పెడతాను. ఊహ మీద పెట్టలేను."

ఆయన అన్నదాంట్లో అన్యాయం ఏమీ లేదు. మెల్లగా చేస్తే గుండెకు ప్రమాదం. తొందరగా చేస్తే, నా అనుమానం నిజమైతే, ఉన్న ఒక్క కన్ను పోతుంది. రెండింటిలో ఏది ఎంచుకోవాలో చెప్పవలసినది నా చిత్రం. అది చెప్పడం లేదు.

"నవమి దాకా ఆగుతాను," అన్నారాయన. "అంతకు మించి నా చేతిలో లేదు."

సాయంత్రం మరో ముగ్గురు గని కార్మికులకు, ఏ జబ్బూ లేనివారికి, కన్ను తిప్పే పరీక్ష చేసి చూశాను. ముగ్గురూ తలే తిప్పారు. ఒకాయన మాత్రం, నేను బలవంతం చేసేసరికి, "అట్టాంటి చూపు చూడమని అడగబాకండమ్మా, బాగుండదు," అని లేచి వెళ్ళిపోయాడు. ఏమి బాగుండదో చెప్పలేదు.

భూ షష్ఠి

మధ్యాహ్నం భోజనశాలలో నేను, డాక్టర్ సుభానీ ఒక బల్ల దగ్గర కూర్చున్నాం. ఎదుటి బల్ల దగ్గర మాలకొండమ్మగారు, తిరపతమ్మగారు. సుభానీగారు ఎక్కువకాలం తన చుట్టూ తాను తిరిగే నౌకలో, భూమి మీదిలాంటి నిండు బరువులో ఉంటారు. ఇక్కడి తక్కువ బరువు ఆయన చేతికి ఇంకా అలవాటు కాలేదు. గరిటె చురుగ్గా ఎత్తారు. గరిటె ఆగింది కాని అందులోని నాచు పులుసు ఆగలేదు. నిదానంగా, ముద్దగా పైకి లేచి, ఆయన కళ్ళజోడు మీదికి దిగింది.

ఎవరూ నవ్వలేదు. ఇక్కడివారు అతిథిని చూసి నవ్వరు. అప్పుడు చూశాను. మాలకొండమ్మగారి ముఖం తన కంచం మీదికి వంగి, ఎంతో మర్యాదగా ఉంది. కన్ను మాత్రం కొసకు జారి, పక్కనున్న వదినను ఒక్క క్షణం తాకి, తిరిగి వచ్చింది. తిరపతమ్మగారి కళ్ళు కూడా అలాగే వెళ్ళి వచ్చాయి.

భోజనం చల్లారిపోయింది. వారు లేచేదాకా ఆగి, తిరపతమ్మగారిని నీటి కుళాయి దగ్గర నిలిపి అడిగాను. ఆమె తడబడ్డారు.

"చూశారా మీరు? అయ్యో. సుభానీ సారుకు చెప్పబాకండి."

"చెప్పను. మొన్న అంత అడిగినా కదలని కన్ను ఇప్పుడెలా కదిలింది?"

"మీరు అడిగింది ఇదా?" ఆమె నన్ను జాలిగా చూశారు. "డాక్టరమ్మా, బయట తొడుగులేసుకుని ఎదురుబొదురు నిలబడి పనిచేస్తాం. నా ముఖం నీ వైపుండి, నా చూపు నీ భుజం వెనక్కి పోయిందనుకో, నీ గాలిగొట్టానికి ఏదో అయినట్టు. అది చూసి కూడా నోరు తెరిచి చెప్పకపోతే వాడు మనిషేనా? అందుకని మాలో చూడాలంటే ముఖం తిప్పే చూస్తాం. ఉత్త కళ్ళు తిప్పామా, ఎదుటోడి చావు కోరినట్టే. చిన్నప్పుడే చెంప మీద కొట్టి మాన్పిస్తారు."

"మరి మీరిద్దరూ?"

"వదినా మరదళ్ళకి ఒకళ్ళ చావు ఒకళ్ళు కోరుకోటం మామూలేగా." నవ్వారు. "వేళాకోళం వరసైనోళ్ళకి మాత్రం చెల్లుద్ది. అదీ నలుగురి ముందు కాదు."

నేను చేసిన పని అప్పుడు అర్థమైంది. ఆ కన్ను ఎవరి ముందు కదులుతుందో ఆ ఒక్క మనిషినే తలుపు బయట కూర్చోబెట్టాను.

భూ సప్తమి

తిరపతమ్మగారిని లోపలికి పిలిచాను. మాలకొండమ్మగారికి విషయం దాచకుండా చెప్పాను: కన్ను కదలాలి, కదలడానికి నేను పరాయిదాన్ని, అందుకే మీ వదినను పిలిచాను. నేను తెరనే చూస్తాను, మీ ముఖాన్ని చూడను. ఆమె నా వైపు ముఖం తిప్పారు.

"ఇది ఆపరేషన్‌కి కావాల్నా, మీ చదువుకా?"

"ఆపరేషన్‌కి. మీ కుడికంటికి జరగనిది ఇదే."

ఆమె వచ్చి గడ్డం బల్ల మీద ఆనించారు.

కన్ను తెరిచే ఉండాలి కనుక మొద్దుబార్చే చుక్కలు వేసి, తెల్లగుడ్డు అంచున ప్రోబ్ మెల్లగా ఆనించాను. తిరపతమ్మగారిని ఎడమ పక్కన నిలబడమన్నాను. ఏం మాట్లాడమంటారని అడిగారామె. మీ ఇష్టమన్నాను.

"అయితే వినండి డాక్టరమ్మా. మా మరదలి మొగుడు పెళ్ళిచూపులకొచ్చాడు. మేమంతా వరసగా కూర్చున్నాం. టీ ఇచ్చాం. మనిషి కంగార్లో హెల్మెట్ తియ్యటం మర్చిపోయి, టీ మొత్తం అద్దం మీద పోసుకున్నాడు."

కన్ను కదలలేదు. పెదవి మాత్రం బిగిసినట్టుంది, ప్రోబ్ కొద్దిగా వణికింది.

"పోసుకుని, చాలా బాగుందండీ అన్నాడు."

"ఆపు," అన్నారు మాలకొండమ్మగారు.

"అంతటితో పోయిందా. ఇది లోపలికొచ్చి నాతో ఏమందో తెలుసా. వదినా, ఈ మనిషి మర్యాదస్తుడు, ఈయన్నే చేసుకుంటా అంది."

అప్పుడు పడింది ఆ చూపు. ముఖం నా ఎదురుగా రాయిలా నిలిచి ఉండగా, కన్ను ఎడమ కొసకు విసురుగా వెళ్ళి ఆగింది. తెరమీద జెల్ ఆగలేదు. ముందుకు పోయి, వెనక్కి వచ్చి, గిన్నెలో పెరుగులా ఊగింది. దాని వెనక అంచు ఒక సన్నని గీతలా ఊగుతోంది. ఆ గీతకు వెనక, రెటీనాను ఆనుకుని, మరో గీత ఉంది. అది ఊగలేదు.

"ఇంకోసారి," అన్నాను. తిరపతమ్మగారు వేళాకోళం మాని నా వైపు ముఖం తిప్పారు.

"ఇంకోసారా? ఇంకా చాలా ఉన్నాయిలే."

"నీ మొగుడు మా అన్నేగా," అన్నారు మాలకొండమ్మగారు. "ఆయన సంగతి నేను మొదలుపెడితే నువ్వు ఈ గదిలో ఉండవు." కన్ను మళ్ళీ వెళ్ళింది. మొదటి గీత ఊగింది, రెండోది నిలిచిపోయింది. తిరపతమ్మగారిని కుడివైపు నిలబెట్టి చూశాను. అదే జరిగింది.

జెల్ విడిపోలేదు, చీలింది. వెనక పొర మాక్యులా చుట్టూ పూర్తిగా అతుక్కుని ఉంది. కదలని చిత్రంలో అది రెటీనా అంచులో కలిసిపోయి, అసలు లేనట్టే ఉంది.

డాక్టర్ సుభానీ రికార్డింగ్‌ను వెనక్కి తిప్పి మళ్ళీ చూశారు. తరువాత, "ఇది లేకపోతే పొర అంచు పట్టుకుని లాగి ఉండేవాణ్ణి," అన్నారు.

భూ అష్టమి

మాలకొండమ్మగారికి ముగ్గురం కలిసి చెప్పాం. అంటే నేను, డాక్టర్ సుభానీ, అడగకుండానే తిరపతమ్మగారు. ఆపరేషన్ మెల్లగా చేయాలి. సమయం ఎక్కువ పడుతుంది. గుండెకు కొంత ప్రమాదం ఉంది. తరువాత కంట్లో వాయువు నింపుతారు, చాలా రోజులు బోర్లా పడుకోవాలి.

"చెయ్యకపోతే?"

"చూపు నెమ్మదిగా పోతుంది," అన్నాను.

"తొందరగా చేసేస్తే?"

"చిరిగే అవకాశం ఎక్కువ."

ఆమె చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చున్నారు. మంచు రంపం పట్టి కాయలు కాసిన చేతులు.

"ఆ కంట్లో కూడా ఇట్టాంటి పొరే మిగిలిందా అప్పుడు?"

తెలియదని చెప్పడం తేలిక, ఉందని చెప్పడం కూడా తేలికే. "ఆ కన్ను కదులుతుండగా తీసిన చిత్రం లేదు. కాబట్టి నేను రూఢిగా చెప్పలేను. ఉండి ఉండవచ్చు."

"అంటే నేను సరిగా చెయ్యకపోబట్టి కాదు."

"కాదు. మిమ్మల్ని అడగవలసిన తీరు ఎవరికీ తెలియలేదు. మొన్నటిదాకా నాకూ తెలియదు."

ఆమె లేచి, డాక్టర్ సుభానీ వైపు ముఖం పూర్తిగా తిప్పి, "ఎంత టైమైనా తీసుకోండి సారూ. గుండె సంగతి నేను చూసుకుంటా," అన్నారు.

"గుండె ఎట్టా చూసుకుంటావే?" అన్నారు తిరపతమ్మగారు.

"నువ్వు గదిలో లేకపోతే చాలు, అదే నిదానంగా కొట్టుకుంటది."

భూ నవమి

ఆపరేషన్‌లో నేను సూక్ష్మదర్శినికి జతచేసిన స్కాన్ దగ్గర కూర్చున్నాను. డాక్టర్ సుభానీ జెల్ ముందు భాగాన్ని తీసేసి, నీలిరంగు మందు చుక్క వదిలారు. రంగు కాసేపు తేలి, రెటీనా మీద పరుచుకుంది. యంత్రం ఖాళీ అన్న చోట జెల్ వెనక పొర పలచని నీలంగా కనిపించింది.

"ఉంది మేడమ్," అన్నారాయన.

దాన్ని మధ్య నుంచి పైకి లేపడం మొదలుపెట్టారు. అంచు పట్టుకుని లాగలేదు. కొద్దిగా లేపడం, ఆగడం, నేను లోతు చెప్పడం, మళ్ళీ లేపడం. ఒకచోట రెటీనా పొరతో పాటు గుడారంలా లేచింది. "ఆపండి" అన్నాను. ఆయన వేళ్ళు వెంటనే ఆగాయి. ఆ చోటికి పక్క నుంచి వచ్చారు. మత్తు డాక్టరు గుండె వేగం చెబుతూనే ఉన్నాడు. ఒకసారి అది తగ్గింది. అందరం కదలకుండా ఉన్నాం. మందు వేసిన తరువాత కుదుటపడింది. ఆ పొర, దానితో పాటు షుగర్ పొర, చివరికి ఒకే ముక్కగా బయటకు వచ్చాయి. రెటీనా ఎక్కడా చిరగలేదు. వాయువు నింపి మూసేశారు.

బయట బెంచీ మీద తిరపతమ్మగారు ఉన్నారు. బాగా జరిగిందని చెప్పాను. ఆమె తల ఊపి, "అయితే ఇక నుంచి నా మాట వినాల్సిందే దానికి," అన్నారు.

భూ ఏకాదశి

డాక్టర్ సుభానీ నిన్నటి రవాణాలో వెళ్ళారు. మాలకొండమ్మగారి మణికట్టుకు ఎర్రపట్టీ కట్టాను. కంట్లో వాయువు ఉన్నంతకాలం గాలితలుపు ఆమెకు తెరుచుకోదు. బయటి తొడుగుల్లో పీడనం తక్కువ కనుక, ఆ బుడగ వ్యాకోచించి కన్నును నొక్కేస్తుంది.

ఇక్కడి బరువులో బుడగ పైకి తేలడానికి తొందరపడదు. అందుకని భూమి మీదకంటే ఎక్కువకాలం బోర్లా పడుకోమన్నాను. అన్నానికి మాత్రం లేచి కూర్చుంటారు. తిరపతమ్మగారు ఎదురుగా కూర్చుని ముద్దలు పెడతారు. అంతసేపూ ఏదో ఒకటి అంటూనే ఉంటారు. గని కబుర్లు, ముఠాలో ఎవరు ఎవరితో పోట్లాడారు, ఎవరి రంపం ఎక్కడ విరిగింది. మాలకొండమ్మగారికి ఇప్పుడు వెలుతురు తప్ప ఏమీ కనిపించదు. విని నవ్వుతారు.

భూ పున్నమి

బుడగ చిన్నదవుతోంది. లోపల అది పైన ఉంటుంది కాని, కంట్లో బొమ్మ తలకిందులు కనుక, ఆమెకు కింద ఉన్నట్టు కనిపిస్తుంది. చూపు పైనుంచి కిందికి తెరుచుకుంటుంది. అడిగాను.

"పైకప్పు దీపం కనపడతంది. దాని కింద ఒంకరగా నల్లటి అంచు. అంచు కింద ఏమీ లేదు."

"అంచు పైన?"

ఎదురుగా చూశారు. "వదిన పాపిట. నెరిసిందే."

"దీపం వెలుతురు అది," అన్నారు తిరపతమ్మగారు, ముద్ద అందిస్తూ.

భూ బహుళ తదియ

అంచు తిరపతమ్మగారి బొట్టు దాటి కనుబొమల దాకా దిగింది. బొట్టు పక్కకు పెట్టుకుందని చెప్పారు. నిజమే, పక్కకే ఉంది. గీతల పటం చూపించాను. పై గీతలన్నీ తిన్నగా ఉన్నాయన్నారు. ముఠా అడుగుతోందట, మేస్త్రీ గుంటలోకి ఎప్పుడు దిగుతుందని. బుడగ పోయేదాకా వద్దన్నాను. తిరపతమ్మగారు ఈ పూట కూడా ముద్దకొక కబురు చెప్పారు. వాటిలో సగం నేను నమ్మలేదు.

భూ బహుళ పంచమి

ఓసీటీ తీశాను. మాక్యులా తన చోటికి వచ్చింది. రెటీనా మీద ఏ గీతా లేదు. ఆమె చూపులో బుడగ అడుగున చిన్న పూసలా మిగిలింది.

కంటి పీడనం కొలవడానికి పరికరం సిద్ధం చేస్తుంటే తిరపతమ్మగారు టిఫిన్ తెచ్చారు. ఎప్పటిలా ఎదురుగా కూర్చుని, ఎప్పటిలా మొదలుపెట్టారు: ముఠాలో ఎవరో కొత్తవాడు మేస్త్రీ రంపం ఎత్తబోయి దానితో పాటు తానూ ఎగిరాడట.

మాలకొండమ్మగారు నవ్వలేదు. వదిన ముఖాన్ని నుదుటి నుంచి కిందికి, మెల్లగా, ముక్కు దాటి, పెదవుల దగ్గర ఆగి చూశారు. పెదవులు మాట్లాడుతున్నాయి. గొంతులో ఉన్న నవ్వు వాటి మీద లేదు. బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. కింది పెదవి ప్రతి మాట చివరా వణుకుతోంది, పళ్ళతో పట్టుకుని ఆపుతున్నారు. ఇన్ని రోజులు ఆ ముఖాన్ని నేనూ పక్కనుంచే చూశాను. గొంతు విని, నవ్వుతున్నారనే అనుకున్నాను.

"వదినా."

"ఆఁ. ఏంది?"

"ఇన్నాళ్ళూ నవ్వుతా చెప్తన్నావనుకున్నా."

"ఈ కన్నూ పోద్దేమోనని," అన్నారు తిరపతమ్మగారు, ముఖం తిప్పకుండా. మాలకొండమ్మగారు చేయి చాచి, ముద్ద పట్టుకున్న ఆ చేతిని దగ్గరకు తీసుకున్నారు. ఎడమకంట్లో నీళ్ళు నిండాయి.

తడికంటి మీద పీడనం సరిగా రాదు. పరికరం పక్కన పెట్టి, కిటికీ దగ్గరికి వెళ్ళి ముఖం అటు తిప్పుకుని నిలబడ్డాను. వారిద్దరూ పిలిచిన తరువాత కొలిచాను. బాగానే ఉంది.